పెత్తనం పెద్దలది... పెట్టుబడి చిన్నలది!

మిరప కోతలు ముగిసి, టిక్కీలు యార్డుకు చేరి, కమీషన్ కొట్టు నుంచి పట్టీ డబ్బు చేతికొచ్చే రోజులివి. ఏడాదంతా తలలు వంచుకుని పొలం పని చేసుకున్న ఇళ్లలో సరిగ్గా ఇప్పుడే గొంతులు లేస్తాయి. ఎరువుల కొట్టు బాకీ ముందా, బ్యాంకు వాయిదా ముందా, ఆడబిడ్డ ఇంట్లో శుభకార్యానికి పెట్టుపోతలు ముందా అన్న దగ్గర మొదలవుతుంది. రెండు రోజులు తిరిగేసరికి అది "అసలీ పొలం ఎవరిది? ఈ ఇల్లు ఎవరిది?" అన్నదాకా పోతుంది.

తెగుళ్ల గురించి, ధరల గురించి రాసే ఈ పేజీలో అత్తామామల గొడవేమిటని కొందరు పాఠకులు అనుకోవచ్చు. తెగులొస్తే పోయేది ఒక పంట. ఇంటి తగాదా ముదిరితే పోయేది పొలమే. గట్టు మీద మొదలైన మాట కోర్టు మెట్లెక్కి, వాయిదాల ఖర్చుకు అర ఎకరం అమ్ముకున్న కుటుంబాలు ఏ మండలంలో అడిగినా దొరుకుతాయి. ఉన్నదే రెండెకరాలైనప్పుడు అందులో అర ఎకరం అంటే చిన్న మాట కాదు.

పెట్టెలో పుస్తకం

సాగర్ కుడి కాల్వ చివరి భూములున్న ఊరొకటి. ఊరి పేరు, వాళ్ల పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. తండ్రికి రెండు ఎకరాల 80 సెంట్లు. కొడుక్కి పెళ్లయి పదిహేనేళ్లు దాటింది. దున్నేది, మందు కొట్టేది, రాత్రి కరెంటుకు లేచి నీళ్లు కట్టేది కొడుకూ కోడలూ. పాసు పుస్తకం, టైటిల్ డీడు మాత్రం మామగారి ట్రంకు పెట్టెలో. తాళం అత్తగారి మొలలో. పంట డబ్బులు కూడా అందులోకే. కోడలు పిల్లవాడి స్కూలు ఫీజుకు అడిగినా "దేనికి? ఎంత? మొన్ననే కదా ఇచ్చాను" అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సిందే.

ఇంతవరకూ చాలా ఇళ్లలో ఉన్నదే. ఈ ఇంట్లో ఇంకో సంగతుంది. కాల్వ నీళ్లు చివరిదాకా రాక రెండు పంటలు ఎండిపోతే, కోడలికి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన 70 సెంట్లు అమ్మేశారు. ఆ డబ్బుతో మామగారి పొలంలో బోరు వేశారు. మొదటి బోరు పడలేదు. రెండో దాంట్లో నీళ్లు పడ్డాయి. మోటారు, పైపులైను, కరెంటు సర్వీసు అన్నీ ఆ డబ్బుతోనే. సర్వీసు మామగారి పేరున, బోరు మామగారి సర్వే నంబరులో. కోడలి 70 సెంట్లకు గుర్తుగా మిగిలింది అమ్మకం దస్తావేజు నకలు కాగితం ఒక్కటే.

ఈలోగా ఆ ఇంటి అల్లుడు, అంటే కూతురి భర్త, ట్రాక్టరు కొనుక్కుందామనుకున్నాడు. అతని పొలం అప్పటికే సొసైటీలో తాకట్టులో ఉంది. "మామయ్యా, మీ పుస్తకం ఇస్తే బ్యాంకులో పెట్టుకుంటా, రెండేళ్లలో విడిపిస్తా" అన్నాడు. అత్తగారు కూతురి వైపు. మామగారు కాదనలేక ఊగుతున్నారు. కొడుకు నోరు విప్పడు. కోడలు విప్పితే "పుట్టింటి నుంచి తెచ్చినట్టు మాట్లాడుతుందే" అని ఎత్తిపొడుపు. నిజానికి ఆమె తెచ్చింది. తెచ్చినట్టు కాగితమే లేదు.

చట్టం ఏమంటుంది?

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పొలంలో ఎన్నేళ్లు పని చేసినా, తండ్రి బతికి ఉండగా ఆయన సొంత ఆస్తిలో కొడుక్కి హక్కు పుట్టదు. కోడలికి అసలే పుట్టదు. తండ్రి తన కష్టంతో కొన్నది ఆయన సొంతం. "తాత నుంచి వచ్చింది కదా, అందులో మనవడికి పుట్టుకతోనే వాటా" అని రచ్చబండ మీద గట్టిగా చెబుతుంటారు. అది అంత సులువు కాదు. హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. ఆ తర్వాత తాత చనిపోయి, వారసుడిగా తండ్రికి వచ్చిన ఆస్తి తండ్రి సొంతం కిందకే వస్తుందని సుప్రీంకోర్టు 1986లో చెప్పింది. అంతకుముందు నుంచీ ఉమ్మడిగా ఉన్నదైతే లెక్క వేరు. మీ పొలం ఏ కోవలోదో నోటిమాటతో తేలదు. లింకు దస్తావేజులు, పాత అడంగళ్లు పట్టుకుని లాయరుకు చూపించాల్సిందే. డి.కె.టి. పట్టా భూములకు రూల్సు వేరు. వాటి విషయం తాసిల్దారు ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే అడుగు వేయాలి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల వారసత్వ పద్ధతి కూడా వేరు.

ఆడబిడ్డ సంగతి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంది. మన రాష్ట్రంలో 1986లో సవరణ చట్టం తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఈ హక్కు ఇచ్చారు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెళ్లయినవాళ్లకు కూడా వర్తింపజేశారు. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం తిరగదోడటానికి లేదు. తండ్రి సొంత ఆస్తి అయితే, ఆయన వీలునామా రాయకుండా పోతే, భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి బతికుంటే ఆమె, అందరికీ సమాన వాటాలే.

కాబట్టి ఆడబిడ్డ తన వాటా అడిగితే దాన్ని జోక్యం అనకూడదు. అది ఆమె హక్కు. అన్న పండించే పొలం కాగితాలను తన భర్త అప్పుకు తాకట్టు పెట్టించాలని చూస్తే మాత్రం అది పెత్తనం. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి ఆడబిడ్డను గుమ్మం ఎక్కనివ్వని ఇళ్లు ఉన్నాయి. చివరికి కోర్టులో నష్టపోయేదీ ఆ ఇళ్లే.

కదపాల్సింది కొడుకే

మామగారితో పొలం మాట కోడలు ఎత్తితే పదిలో తొమ్మిదిసార్లు పని చెడుతుంది. అది న్యాయం కాదు, కానీ ఊళ్లలో ఉన్న పరిస్థితి అదే. ఎవరి తల్లిదండ్రులతో వాళ్లే మాట్లాడటం మంచి పద్ధతి. అత్తమామలతో చెప్పాల్సింది కొడుకు, పుట్టింటివాళ్లతో చెప్పాల్సింది కోడలు. మొగుడు మంచం మీద పడుకుని పెళ్లాన్ని ముందుకు తోస్తే ఆ ఇంట్లో గొడవ తీరదు.

అంతకంటే ముందు మొగుడూ పెళ్లాలు ఒక మాట మీదకు రావాలి. మన డబ్బు ఈ పొలంలో ఎంత పడింది? పెద్దవాళ్లకు ఏడాదికి ఎన్ని బస్తాల గింజలు, చేతి ఖర్చుకు ఎంత ఇవ్వగలం? ఏ విషయాల్లో వాళ్ల మాట వింటాం, ఏ విషయాల్లో మన మాటే చెల్లాలి? ఏ గింజ వేయాలో, ఎన్నో తారీఖున నారు పోయాలో పెద్దాయన చెబితే వినడంలో తప్పేమీ లేదు. నలభై ఏళ్లు ఆ మట్టిలో నడిచిన మనిషి ఆయన. పిల్లను ఏ బడిలో చేర్చాలి, డ్వాక్రా పొదుపు ఎక్కడ దాచుకోవాలి అన్నవి మొగుడూ పెళ్లాలవి. ఈ గీత ఎక్కడుందో ఇద్దరికీ ఒకేలా తెలియకపోతే, అత్తగారు ఒకరి దగ్గర ఒక మాట, ఇంకొకరి దగ్గర ఇంకో మాట అని ఇద్దర్నీ విడదీయడం సులువు.

మాట ఎత్తే వేళ కూడా ముఖ్యమే. పండక్కి అందరూ చేరినప్పుడు, అన్నం కంచాల ముందు, సాయంత్రం మందు మీద ఉన్నప్పుడు ఎత్తవద్దు. పైన చెప్పిన ఇంట్లో కొడుకు చేసింది ఏమిటంటే, ఒకనాటి ఉదయం తండ్రిని బోరు దగ్గరికి తీసుకుపోయి అక్కడ మాట్లాడాడు. పొలం రాసివ్వమని అడగలేదు. "నాన్నా, ట్రాక్టరు కంతు కట్టకపోతే బ్యాంకువాళ్లు మొదట వచ్చేది ఈ బోరు దగ్గరికే. అప్పుడు నువ్వూ అమ్మా ఏం తింటారు?" అని అడిగాడు. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. తన చిన్ననాటి స్నేహితుడొకడు ఉన్నదంతా కొడుక్కి రాసిచ్చి, ఇప్పుడు పశువుల కొట్టం పక్కన రేకుల పంచలో పడుకుంటున్నాడు. ఈయన పుస్తకం పెట్టెలోంచి తీయకపోవడానికి కారణం అది.

పెత్తనం అనుకున్నదాంట్లో సగం భయమే. చేతిలో పుస్తకం ఉన్నంత కాలమే తనకు గౌరవం అని ముసలివాళ్లు అనుకుంటారు. అట్లా అనుకునేలా చేసింది కూడా మన ఊళ్లలోని కొడుకులే కదా.

భయం తీరితే చేయి కదులుతుంది

ఆ ఇంట్లో చివరకు కుదిరిన ఏర్పాటు ఇది. బోరున్న 90 సెంట్లు కోడలి పేరున దాన సెటిల్మెంటు చేసి రిజిస్టరు చేయించారు. పెద్దవాళ్లిద్దరూ బతికున్నన్నాళ్లు ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం, వైద్యం ఖర్చు, చేతి ఖర్చుకు ఇంత అని ఆ దస్తావేజులోనే రాయించారు. మిగతా ఎకరం 90 సెంట్లకు ఆ బోరు నీళ్లు పారే హక్కు కూడా అందులో ఎక్కించారు. ఎకరం 90 సెంట్లు పెద్దాయన పేరునే ఉంది. ఆయన వీలునామా రాసుకున్నారు. ఆయన సొంత ఆస్తి కాబట్టి కూతురి సమ్మతి చట్టానికి అక్కరలేదు. అయినా రేపు పేచీ రాకూడదని ఆమెను పిలిచి, దస్తావేజు చదివి వినిపించి, ఆమె చేత సాక్షి సంతకం పెట్టించారు. ట్రాక్టరు సంగతి అల్లుడే చూసుకున్నాడు, పాతదొకటి కొనుక్కున్నాడు. కరెంటు సర్వీసు కోడలి పేరుకు మార్చడానికి మాత్రం లైన్‌మన్ చుట్టూ, ఆఫీసు చుట్టూ చాలాసార్లు తిరగాల్సి వచ్చింది.

పెద్దవాళ్లు కూడా ఒకటి తెలుసుకోవాలి. 2007లో వచ్చిన వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక చూసుకోకపోతే, ఆ దస్తావేజు చెల్లదని ప్రకటించమని ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. అయితే షరతు దస్తావేజులో స్పష్టంగా ఉంటే పని సులువు. నోటితో చెప్పుకున్నామంటే రుజువు చేసుకోవడం కష్టం. దానపత్రం రిజిస్టరు చేసి ఇచ్చేశాక మనసు మారిందని వెనక్కి తీసుకోవడం కుదరదు. వీలునామా అట్లా కాదు, బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. దానికి ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుంటే మంచిది. పెద్దవాళ్ల భయం ఎక్కువగా ఉన్న ఇంట్లో కొంత దానంగా, కొంత వీలునామాగా చేసుకోవడం మేలు.

రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా అని ఊరుకోవద్దు. 1-బి లో, అడంగల్‌లో పేరు మారిందో లేదో చూసుకోవాలి. భూమి హక్కు వారసత్వంగా గాని, పంపకంలో గాని, దస్తావేజు ద్వారా గాని వస్తే 90 రోజుల్లోగా తాసిల్దారుకు తెలియజేయాలని 1971 నాటి పాసు పుస్తకాల చట్టంలో ఉంది. తాసిల్దారు ఉత్తర్వు నచ్చకపోతే ఆర్డీవోకు అప్పీలు పెట్టుకోవచ్చు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో కొన్నిచోట్ల అన్నదమ్ముల భూములు కలిపి ఉమ్మడి నంబరు ఇచ్చారు. మీది అట్లా ఉంటే పంపకం మాట ఎత్తడానికి ముందే దాన్ని విడదీయించుకోండి. ఈ-పంట నమోదులో సాగుదారుగా ఎవరి పేరు ఎక్కింది అన్నది కూడా చూసుకోవాలి. కొడుకు సాగు చేస్తుంటే తండ్రి పేరుతో ఎక్కిన చోట నష్టపరిహారం తండ్రి ఖాతాలో పడి, మళ్లీ పెట్టె తాళం దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది.

పుట్టింటి పెత్తనం

అత్తింటి గురించే చెప్పుకుంటే సగం చెప్పినట్టే. అల్లుడి ఇంట్లో వేలు పెట్టే అత్తమామలూ తక్కువేం లేరు. "మా అమ్మాయిని వేరు పెట్టు" అని పెళ్లయిన ఏడాదికే కబురు పంపేవాళ్లు, అల్లుడి పంట డబ్బు లెక్కలు ఫోనులో అడిగేవాళ్లు, ఇచ్చిన బంగారం మళ్లీ మాకు చూపించమనేవాళ్లు. ఫోనులు వచ్చాక ఇది మరీ ఎక్కువైంది. పొద్దున ఇంట్లో జరిగిన మాట మధ్యాహ్నానికి పక్క జిల్లాకు చేరుతోంది.

పెళ్లిలో అమ్మాయికి పెట్టిన బంగారం, సామాను, ఆమె పేరున ఉన్న పొలం ఆమెవే. 1956 చట్టం 14వ సెక్షన్ ప్రకారం అది ఆమె పూర్తి సొంతం. భర్తకు లేదు, అత్తమామలకు లేదు, కన్న తండ్రికీ లేదు. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో, కూతురికిచ్చిన స్త్రీధనం తిరిగి ఇప్పించమని తండ్రి ఆమె పాత అత్తమామల మీద కేసు పెడితే, కూతురి అనుమతి లేకుండా అడిగే హక్కు ఆయనకు లేదని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. కట్నం ఎవరు పుచ్చుకున్నా అది పెళ్లికూతురికే చెందాలని 1961 నాటి వరకట్న నిషేధ చట్టం చెబుతోంది. మూడు నెలల్లోగా ఆమెకు అప్పగించాలి. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరమే అన్న సంగతి అందరికీ తెలిసిందే, ఎవరూ పాటించనిదే.

బంగారం విషయంలో ఒక చిన్న జాగ్రత్త. పెట్టుబడికి కోడలి గొలుసు బ్యాంకులో పెట్టాల్సి వస్తే ఆమె పేరునే అప్పు తీసుకోండి. మామగారి పేరున పెడితే విడిపించే రోజు బ్యాంకువాళ్లు మామగారి చేతికే ఇస్తారు. ఆ గొలుసు అక్కడి నుంచి ఎవరి మెడకు పోతుందో చెప్పలేం.

పుట్టింటి పొలం ఏ కాగితంతో వచ్చింది అన్నది కూడా ముఖ్యమే, ఇది చాలామందికి తెలియదు. పిల్లలు లేని ఆడమనిషి వీలునామా రాయకుండా చనిపోతే, తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన పొలం తిరిగి తండ్రి వారసులకు పోతుంది. అదే పొలం దానపత్రం ద్వారా వచ్చి ఉంటే భర్తకు పోతుంది, భర్త లేకపోతే అతని వారసులకు. బావమరుదులు "ఇంకా పిల్లలు కలగలేదా" అని పదే పదే అడిగే ఇళ్లలో కొన్నిసార్లు లెక్క ఇక్కడ ఉంటుంది. వీలునామా ఒకటి రాసుకుంటే రెండు వైపులా నోళ్లు మూతపడతాయి.

జామీను, మామ పేరున పొలం

బావమరిది అప్పుకు జామీను సంతకం పెట్టమని అత్తింటివాళ్లు అడిగితే మొహమాటానికి పోయి పెట్టేవాళ్లున్నారు. జామీను అంటే సాక్షి సంతకం కాదు. అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే బ్యాంకు అతన్ని వదిలి నేరుగా మీ మీదకు రావచ్చు. "మా పొలం ఇప్పటికే సొసైటీలో ఉంది బావా, ఇంకో సంతకం పెట్టే వీలు లేదు" అని ముందే చెప్పుకోవడం మేలు. పెళ్లాం తరఫున పెళ్లామే తమ్ముడికి చెబితే ఇంకా మేలు.

ఇంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది. గల్ఫు నుంచో, హైదరాబాదులో తాపీ పని చేసో డబ్బు పంపుతారు. ఊళ్లో మనిషి లేడు కాబట్టి మామ పేరునో, బావమరిది పేరునో పొలం కొనమంటారు. తర్వాత తిరిగొచ్చి రాసివ్వమంటే మాట మారుతుంది. బినామీ లావాదేవీల చట్టం 1988లో వచ్చింది, 2016లో దాన్ని ఇంకా గట్టి చేశారు. మన డబ్బుతో వేరొకరి పేరున కొన్న ఆస్తిని "నిజానికి నాదే" అని దావా వేసి తెచ్చుకునే దారిని ఆ చట్టం మూసేసింది. భార్య పేరున, పిల్లల పేరున కొంటే మినహాయింపు ఉంది, డబ్బు ఎక్కడిదో చూపించగలగాలి. తల్లిదండ్రులు, అన్నదమ్ముల పేరు పెడితే పక్కన మీ పేరు కూడా కొనుగోలుదారుగా ఉండాలి. మామ, బావమరిది ఆ జాబితాలో లేరు. కాబట్టి ఆరు నెలలు ఆగినా సరే, సెలవు మీద వచ్చి సొంత పేరునో, భార్య పేరునో, ఇద్దరి పేర్లతోనో రిజిస్టరు చేయించుకోవాలి.

ఇల్లరికం వెళ్లినవాళ్ల కథ వేరు. "ఉన్నదంతా నీదే అల్లుడూ" అని తీసుకుపోతారు. ఇరవై ఏళ్లు అతని చేత పొలం చేయించుకుంటారు. తర్వాత రెండో కూతురి భర్త వచ్చి సగం అంటాడు. కొన్ని కులాల్లో ఇల్లరికం అల్లుడికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే ఆచారాన్ని బ్రిటిషువాళ్ల కాలం నుంచే కోర్టులు గుర్తించాయి. అయితే ఆ ఆచారం ఉందని, ఆ ఒప్పందం మీదే వచ్చానని రుజువు చేసుకోవాల్సింది అల్లుడే. సాక్షులుగా ఉన్న పెద్దమనుషులు ఒక్కొక్కరే పోతుంటే రుజువు కూడా వాళ్లతోపాటే పోతుంది. ఇల్లరికం వెళ్లేనాడే రాయించుకోవడం ఒక్కటే దారి. అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకున్నవాళ్లు ముసలితనంలో కూలికి పోతున్నారు. ఇంకో సంగతి, ఇల్లరికం వెళ్లినంత మాత్రాన పుట్టింట్లో అన్నదమ్ములతో వాటా పోదు.

మొగుడు పోతే?

ఈ మాట ఎవరూ ఎత్తరు, అపశకునం అంటారు. పాము కాటు, కరెంటు షాకు, మందు కొడుతూ పడిపోవడం పొలాల్లో జరుగుతూనే ఉన్నాయి. భర్త పేరున సొంత పొలం ఉండి వీలునామా లేకుండా పోతే, భార్యకు, ఒక్కో బిడ్డకు, భర్త తల్లికి తలా ఒక సమాన వాటా. మామగారికి వాటా లేదు. భర్త పేరున ఏమీ లేక అంతా మామగారి పేరునే ఉంటే, ఆ రోజున కోడలికి, పిల్లలకు చేతిలో కాగితం ఉండదు. మామగారు తర్వాత వీలునామా రాయకుండా పోతే, పోయిన కొడుకు వాటా అతని భార్యాపిల్లలకు వస్తుంది. కానీ అప్పటిదాకా ఎట్లా బతకాలన్నది ప్రశ్న. అందుకే తక్కువో ఎక్కువో, 50 సెంట్లయినా సరే, మొగుడూ పెళ్లాల పేరున ఉండాలని గట్టిగా చెప్పడం.

కోడలిని ఇంట్లోంచి గెంటేసే ఇళ్లకు ఒక మాట. 2005 నాటి గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా సరే, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు కోడలికి ఉండవచ్చునని సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో చెప్పింది. అది ఉండే హక్కు మాత్రమే, ఇంటి మీద సొంత హక్కు కాదు. ఈ రెంటికీ తేడా తెలియక కోడళ్లు ఎక్కువ ఆశపడుతున్నారు, అత్తలు ఎక్కువ భయపడుతున్నారు. కొట్టడం దాకా వస్తే పంచాయతీల కోసం చూడకుండా 181కి ఫోను చేయాలి.

తెల్ల కాగితం పంచాయతీలు

ఊరి పెద్దమనుషులు కూర్చుని చెప్పే తీర్పులన్నీ చెడ్డవేమీ కావు. ఇంటి గుట్టు తెలిసినవాళ్లు, పొలం గట్లు తెలిసినవాళ్లు. చిక్కు ఎక్కడంటే, వాళ్లు తెల్ల కాగితం మీద "ఇది నీది, అది వాడిది" అని రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి, వేలిముద్రలు వేయించి పంపిస్తారు. ఆ కాగితంతోనే పొలం పంపకం జరిగినట్టు రాసి ఉంటే, రిజిస్టరు కాకపోతే కోర్టులో హక్కుకు రుజువుగా పనికిరాదు. పదేళ్లు దాన్ని బీరువాలో దాచుకుని, అవసరమొచ్చిన రోజున బయటికి తీస్తే విలువ లేదంటారు. పెద్దమనుషుల దగ్గర మాట కుదరగానే అదే వారంలో సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి భాగ పరిష్కారం దస్తావేజు రాయించుకోవాలి. స్టాంపు ఖర్చు ఎంతవుతుందో దస్తావేజు లేఖరి మాటే నమ్మకుండా ఆఫీసులో కూడా అడగండి. కుటుంబ సభ్యుల మధ్య అయితే రేటు వేరుగా ఉంటుంది.

పెద్దమనుషుల దగ్గర తెగకపోతే వెంటనే దావాకు పోనక్కర్లేదు. కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. తెల్ల కాగితం మీద అర్జీ రాసిస్తే రెండో పక్షాన్ని పిలిపించి లోక్ అదాలత్‌లో కూర్చోబెడతారు. ఫీజు లేదు. అక్కడ రాజీ కుదిరి రాసిన అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

వెళ్లేటప్పుడు 1-బి, అడంగల్ నకళ్లు, ఇ.సి., లింకు దస్తావేజులు, ఎవరైనా చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకెళ్లాలి. పొలంలో మీరు పెట్టిన డబ్బుకు బ్యాంకు పుస్తకంలో ఎంట్రీలు గాని, బోరు వేసినవాళ్ల రశీదులు గాని ఉంటే అవి కూడా. పాసు పుస్తకం మామగారి పెట్టెలో ఉందని ఆగిపోవద్దు. 1-బి, అడంగల్ నకళ్లు మీసేవలో, ఇ.సి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో, సర్వే నంబరు చెబితే ఎవరికైనా ఇస్తారు.